వంటింటి పొగగొట్టాలు, చిమ్నీలు: చరిత్ర

పొయ్యి నుంచి లేచే పొగ, ఆవిరి, నూనె తుంపర, పోపు ఘాటు వంట చేసేవారి ముఖానికి కొట్టకుండా ఇంటి బయటికి పంపే ఏర్పాట్లు ఈ వ్యాస విషయం. చూరు కింద వదిలిన సందు, పెంకుల కప్పులో పెట్టిన గవాక్షి, ఇటుక పొగగొట్టం, గోడలో తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఇప్పుడు పట్టణాల్లో చిమ్నీ పేరుతో అమ్ముతున్న కరెంటు పరికరం అన్నీ ఈ కోవలోవే. శతాబ్దాలుగా పరికరాలు మారుతూ వచ్చాయి గానీ కిటుకు మాత్రం మారలేదు. పొగ పోవడానికి తెరిపి దారి ఉండాలి, ఆ దారిని ఎవరో ఒకరు శుభ్రంగా ఉంచాలి. ఈ రెండింట్లో ఏది లోపించినా పరికరం ఉండీ లేనట్టే.

పొగగొట్టం రాకముందు

తెలుగు పల్లెల్లో మూడు రాళ్ల పొయ్యికి పొగగొట్టం ఉండేది కాదు. వీలున్నవాళ్లు వంటకు విడిగా పాక వేసుకునేవారు, లేదా వెనక వసారాలో వండుకునేవారు. పెళ్లిళ్లకు తవ్వే గాడిపొయ్యి ఎలాగూ ఆరుబయటే. అసలు కష్టం ఇంట్లో వండక తప్పని వానాకాలంలో. తడి కట్టెలు రాజవు, పిడకలు సెగ కన్నా పొగే ఎక్కువ పెడతాయి. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి మీదికి వంగి ఊదిన మనిషి మళ్లీ ఊపిరి పీల్చేది పొగ దట్టంగా ఉన్న ఆ చోటనే. ఆ పక్కనే చంటిబిడ్డ కూడా ఉంటుంది. పొగచూరిన దూలాలకు, తాటాకుకు పురుగు తొందరగా పట్టదన్న మాట నిజమే. అయితే ఇంటికప్పుకు జరిగిన ఆ మేలుకు ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ మూల్యం చెల్లించాయి.

యూరప్‌లోనూ మధ్యయుగంలో చాలాకాలం హాలు నడుమ మంట వేసి, పొగను కప్పులోని కంత గుండా వదిలేవారు. ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ మఠానికి 14వ శతాబ్దంలో కట్టిన వంటశాల ఇప్పటికీ నిలిచి ఉంది. నాలుగు మూలలా నాలుగు పొయ్యిలు, నడుమ ఎత్తుగా లేచిన ఎనిమిది పలకల కప్పు, దాని శిఖరాన పొగా ఆవిరీ పోయే గూడు. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, ఆ ఖాళీని నింపడానికి కింది నుంచి చల్లగాలి వస్తుంది. ఫ్యాన్ లేని రోజుల్లో ఏ పొగగొట్టమైనా ఈ సూత్రం మీదే పనిచేసింది. గొట్టం ఎత్తు పెరిగితే లాగుడూ పెరుగుతుంది.

దీన్ని లెక్కగా పరిశీలించినవారిలో కౌంట్ రమ్‌ఫర్డ్ ముఖ్యుడు. అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. అమెరికాలో పుట్టి, బవేరియా ప్రభువు కొలువులో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. పొగగొట్టం మొదలును వెడల్పుగా వదిలేస్తే గదిలోని గాలంతా అందులోకి పోతుందనీ, పొగ మాత్రం వెనక్కి తన్నుతుందనీ గుర్తించి, ఆ గొంతును సన్నం చేయించాడు. 1796లో దీని మీద వ్యాసం ప్రచురించాడు. వంటశాలల్లో మంటను ఇటుక కట్టులో మూసి ఉంచే పొయ్యిలు కట్టించాడు. 19వ శతాబ్దంలో పోత ఇనుప పొయ్యిలు గొట్టంతో సహా ఇళ్లకు చేరాక పాశ్చాత్య దేశాల్లో కలిగినవారి వంటిళ్లకు పొగ బాధ చాలావరకు తీరింది.

హైదరాబాద్ పొయ్యి

మన దేశంలో పేదల వంటింటి పొగ మీద జరిగిన తొలి ప్రయత్నాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే జరిగిందని తెలుగువారిలో చాలామందికి తెలియదు. అక్కడి ఇంజనీరింగ్ పరిశోధనశాలలో పనిచేసిన ఎస్.పి.రాజు మట్టితో కట్టుకోగల పొగలేని పొయ్యిని రూపొందించారు. ఒకే మంట మీద వరసగా గిన్నెలు, చివర పొగగొట్టం. ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ పేరుతో 1953లో ఆయన రాసిన పుస్తకం మద్రాసులో అచ్చయింది. పొయ్యికి పరిశోధనశాల పేరులోని పొడి అక్షరాలతో హెర్ల్ చుల్హా అనే పేరు స్థిరపడింది. అంతకుముందే వార్ధాలోని మగన్‌వాడీలో మగన్ చుల్హా అనే మరో పొయ్యి తయారైంది. కట్టె ఆదా చేయడంతో పాటు వంట చేసే మనిషి ఊపిరి గురించి కూడా ఆలోచించడం రాజు పనిలోని గొప్పతనం.

కేంద్ర ప్రభుత్వం 1983లో మొదలుపెట్టిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం 2002 దాకా సాగింది. పొయ్యిలు ఊరూరా కట్టారు, కానీ నిలబెట్టుకోవడం కష్టమైంది. గొట్టంలో మసి పేరుకుంటుంది. దాన్ని దులపకపోతే పొగ మళ్లీ వంటింట్లోకే తిరుగుతుంది. పగిలిన మట్టిని మెత్తడానికి తీరిక ఉండదు. ఒడిశాలో ఆర్థికవేత్తలు రెమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్ ఇలాంటి పొయ్యిల మీద నాలుగేళ్లు చేసిన అధ్యయనంలో మొదటి ఏడాది లోపలికి పీల్చే పొగ తగ్గింది. తర్వాత వాడకమూ మరమ్మతూ సన్నగిల్లి ఆ లాభం మిగలలేదు. తప్పు ఆడవాళ్లదని అనడం అన్యాయం. గొట్టం దులిపే పనిని కూడా వాళ్ల నెత్తినే పెట్టి చేతులు దులుపుకున్నది పథకాలు వేసినవాళ్లు.

గొట్టం నిలిచినచోట ఫలితం ఎంతో చైనాలోని షువాన్వేయ్ చూపింది. అక్కడ బొగ్గు పొయ్యిలకు గొట్టం అమర్చుకున్న కుటుంబాల్లో ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు మగవారిలో 41 శాతం, ఆడవారిలో 46 శాతం తగ్గిందని 2002లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. మన దేశంలో వంటింటి పొగను ఆడవాళ్లు పీల్చే చోటే కొలిచి లెక్కకు ఎక్కించినవాడు పరిశోధకుడు కర్క్ స్మిత్. 1980ల మొదట్లో ఆయన గుజరాత్ పల్లెల్లో ఆ పని చేశాడు.

గ్యాస్, ఫ్యాన్, చిమ్నీ

ఇంగ్లండ్‌లో జేమ్స్ షార్ప్ 1826లో గ్యాస్ పొయ్యికి పేటెంటు తీసుకున్నాడు. గ్యాస్‌కు కంటికి కనిపించే పొగ లేదు కాబట్టి కొత్త వంటిళ్ల నుంచి పొగగొట్టం మెల్లగా తప్పుకుంది. ఆవిరి, నూనె జిడ్డు, మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ మాత్రం మిగిలాయి. కట్టెలు పోయినా గాలిని బయటికి తోసే అవసరం తీరలేదు. ఆ పని కరెంటు ఫ్యాన్ మీద పడింది.

ఇప్పటి చిమ్నీలో తిరిగే డ్రమ్ము లాంటి బ్లోయర్‌కు మూలం మన తేయాకు తోటల్లో ఉంది. అస్సాంలోని కచార్‌లో తేయాకు పండించిన శామ్యూల్ డేవిడ్‌సన్ ఆకు ఎండబెట్టే యంత్రాలు చేస్తూ, బెల్‌ఫాస్ట్‌లో సిరొక్కో పేరుతో కర్మాగారం పెట్టాడు. ముందుకు వంగిన చిన్న రెక్కలు చుట్టూ వరసగా ఉండే ఫ్యాన్‌కు 1898లో పేటెంటు పొందాడు. అమెరికాలో హెన్రీ బ్రోన్ 1932లో వంటింటి గోడ ఫ్యాన్లు, డల్లాస్‌లో వెంట్-ఎ-హుడ్ సంస్థ 1933లో పొయ్యి మీద గొడుగులా ఉండే హుడ్‌లు తయారుచేయడం మొదలుపెట్టారు. ఇటలీలోని ఫాబ్రియానో తర్వాత ఈ పరిశ్రమకు కేంద్రమైంది. ఫేబర్, ఎలికా కంపెనీలు అక్కడివే.

భారతదేశంలో బర్మా షెల్ కంపెనీ 1955లో బొంబాయిలో వంటగ్యాస్ అమ్మింది. ఇండేన్ తొలి కనెక్షన్ 1965లో కలకత్తాలో ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం, 2016లో దేశమంతటా మొదలైన ఉజ్వల పథకం సిలిండర్‌ను పేద ఇళ్లకు చేర్చాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వంటకు పొగలేని ఇంధనం వాడే కుటుంబాలు 2015-16లో 43.8 శాతం, 2019-21లో 58.6 శాతం.

మన వంటకు చిమ్నీ ఎందుకు కావాల్సి వచ్చిందో కాగిన నూనెలో ఎండుమిర్చి వేసిన క్షణంలోనే తెలుస్తుంది. ఎక్కువ వేడిలో నూనె వేపుళ్ల నుంచి వచ్చే పొగను అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ, 2010లో వెలువరించిన సంపుటంలో, కేన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది.

చిమ్నీ పనితీరు తేలికే. బ్లోయర్ గాలిని లాగుతుంది. బఫిల్ ఫిల్టర్‌లోని వంపు తిరిగిన స్టీలు పట్టీల మధ్య గాలి మలుపు తిరగ్గలదు, బరువైన నూనె బొట్టు తిరగలేక పట్టీకి కొట్టుకుని కిందికి జారుతుంది. సన్నని జాలీ ఫిల్టర్ మన పోపులకు త్వరగా మూసుకుపోతుంది. ఆటో క్లీన్ రకంలో లోపల పేరుకున్న జిడ్డును వేడితో కరిగించి చిన్న గిన్నెలోకి దించుతారు. ఆ గిన్నె తీసి కడిగే పని తప్పదు. గొట్టం ఎంత పొడవైతే, ఎన్ని వంపులు తిరిగితే లాగుడు అంత తగ్గుతుంది. తలుపులూ కిటికీలూ బిగిస్తే లోపలికి వచ్చే గాలి లేక ఫ్యాన్ చప్పుడే మిగులుతుంది. బయటికి గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టర్‌తో నడిచేవి వాసనను కొంత పడతాయి గానీ, ఆవిరినీ మంట వాయువుల్నీ తిరిగి గదిలోకే వదులుతాయి.

అమెరికాలోని బర్క్‌లీ పరిశోధనశాలవారు 2012లో ప్రచురించిన పరీక్షల్లో, పొయ్యి నుంచి లేచిన పొగలో హుడ్‌లు పట్టినది 15 శాతం లోపు నుంచి 98 శాతం పైదాకా ఉంది. గోడ వైపు బర్నర్ల పొగ బాగా చిక్కింది. హుడ్ కవర్ చేయని ముందు బర్నర్ల పొగ చాలావరకు తప్పించుకుంది. కాబట్టి వేపుళ్లూ పోపులూ వెనక బర్నర్ మీద చేసుకోవడం మేలు. చిమ్నీ కొనేటప్పుడు గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి లాగుతుందో అడిగే ముందు, అది పొయ్యి వెడల్పునంతా కప్పుతుందో లేదో, గొట్టం తిన్నగా బయటికి పోతుందో లేదో చూడాలి.