గ్రెయిన్: గింజ నుంచి తూటా దాకా

అమెరికాలో వాడేసిన తూటా గొట్టాల్లో ఇంట్లోనే మళ్లీ మందు నింపుకునేవాళ్లకు గ్రాముల లెక్క పట్టదు, అంతా గ్రెయిన్లే. లాటిన్‌లో 'గ్రానమ్' అంటే గింజ. ఇంగ్లండులో బార్లీ గింజే ఈ తూకానికి మూలం. మన కంసాలికి గురివింద గింజ ఉన్నట్టు. ఇప్పుడు పౌనుకు 7,000 గ్రెయిన్లు, ఒక్కోటి సుమారు 64.8 మిల్లీగ్రాములు.

కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. 9 ఎంఎం తూటాల పెట్టె మీద 115 గ్రెయిన్లు అని ఉంటే అది గుండు బరువు. మందు బరువు కానే కాదు, మందు పలుకుల లెక్క అంతకన్నా కాదు. ఆ తూటాలో పట్టే మందు సాధారణంగా నాలుగైదు గ్రెయిన్లు! అంత కొంచెంలో అర గ్రెయిన్ ఎక్కువైనా పీడనం ప్రమాదకరంగా పెరగొచ్చు. అందుకే మందు తయారీదారు పట్టికలోని తొలి మోతాదుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతారు, గరిష్ఠం దాటరు.

ఇదే కొలత మందుల షాపులోనూ ఉంది: 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ అంటే అయిదు గ్రెయిన్లు.