తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలు

చెన్నపట్టణమునకు పోయిన తెలుగువారు తిరువల్లిక్కేణిలోని పార్థసారథిస్వామిని సేవించి వచ్చుట పరిపాటి. ఆ కోవెలకు దగ్గరలో బిగ్ స్ట్రీటునందు నూటయిరువది యేండ్లు దాటిన విద్యాభవన మొకటి కలదు. అది హిందూ హైస్కూలు. మగపిల్లల పాఠశాలగా దాని కీర్తి దేశమంతట వ్యాపించినది. కాని ఆ పాఠశాల పుట్టుకలో తెలుగువారి పాలు సగము గలదన్న సంగతి మనలో పలువు రెరుగరు.

తిరువల్లిక్కేణి యొకప్పుడు పట్టణమునకు వెలుపలి గ్రామము. పల్లవరాజగు దంతివర్మ కాలపు శాసనము ఆ దేవాలయమున నున్నది. 1676లో ఆంగ్లవర్తకులు ఈ గ్రామమును గోలకొండ ప్రభుత్వమునుండి గుత్తకు పుచ్చుకొనిరి. తరువాత ఆర్కాటు నవాబు చేపాకమున మహలు కట్టించి 1768 నుండి సమీపముననే వసించెను. ఆలయము చుట్టును వైష్ణవుల వీధులు, ఆవల మహమ్మదీయుల పేట. తమిళము, తెలుగు, హిందూస్తానీ భాషలు మూడును ఆ వీధులలో వినబడుచుండెడివి.

1852లో ఈ పేటయందు రెండు బడులు వెలసెను. తమిళుల బిడ్డలకు ద్రావిడ పాఠశాల. తెలుగువారి బిడ్డలకు ఆంధ్ర బాలుర పాఠశాల. అంతకు ముందే పట్టణములో మంచి యింగ్లీషు పాఠశాలలు లేకపోలేదు. జాన్ ఆండర్సన్ దొరగారు 1837లో ప్రారంభించిన మిషను పాఠశాలయు, పచ్చయప్ప మొదలియారు ధర్మనిధివలన 1842లో నెలకొన్న పాఠశాలయు పేరు గాంచినవి. కాని అవి కూవము నది కావల, నేడు జార్జిటౌను అని పిలువబడు ప్రాంతమున నుండెను. ఈ పేట బాలురకు తమ ముంగిట బడి కావలసి యుండెను. అప్పటి చెన్నపట్టణము తెలుగు చదువునకు ముఖ్యస్థానము. పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లో అచ్చటనే వెలువడెను. అట్టి దినములలో తెలుగు బాలురకు ప్రత్యేకముగా బడి వెలయుట వింత గాదు.

అయితే కాలము వేగముగా మారుచుండెను. 1854లో వెలువడిన వుడ్ దొరగారి విద్యాలేఖ ప్రైవేటు పాఠశాలలకు ప్రభుత్వ ధనసహాయము చేయు పద్ధతికి పునాది వేసెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. ప్రవేశపరీక్షకు ఇంగ్లీషు తప్పనిసరి; ఆ పరీక్ష దాటినవానికే కళాశాల ద్వారము తెరువబడును. ఇంగ్లీషు నేర్పగల ఉపాధ్యాయుల జీతములు, పుస్తకముల వెల, స్థలము, ఇవియన్నియు రెండు చిన్న బడులు వేరువేరుగా భరించుట కష్టమని చెప్పనక్కరలేదు. 1860లో అవి రెండును కలిసి ట్రిప్లికేన్ ఆంగ్లో వర్నాక్యులర్ స్కూలు అయ్యెను.

ఈ పేరును కొంచెము పరికింపుడు. ఇంగ్లీషునకు తన పేరు నిలిచినది. ఎనిమిదేండ్లు వేరువేరు పలకలపై నిలిచిన ఆంధ్రము, ద్రావిడము అను రెండు పేర్లును ‘వర్నాక్యులర్’ అను నొక్క మాటలో అణగిపోయినవి. చేరుటవలన బలము కలిగెను, పేరు పోయెను. ఈ లాభనష్టములు రెండింటిని కలిపి చూచినగాని ఈ పాఠశాల చరిత్రము మనకు బోధపడదు.

లాభము స్వల్పము గాదు. 1879లో ఈ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా వచ్చినవారు జి. సుబ్రహ్మణ్య అయ్యరుగారు. అంతకు ముందు సంవత్సరము, 1878 సెప్టెంబరు 20వ తేదీన, ఆయనయు మరి అయిదుగురు మిత్రులును కలిసి 80 ప్రతులతో ‘హిందూ’ వారపత్రికను ప్రారంభించిరి. ఆ ఆరుగురిలో మన రాజమహేంద్రవరపు న్యాపతి సుబ్బారావు పంతులుగా రొకరు. అప్పటి కాయన న్యాయశాస్త్ర విద్యార్థి. బడిపంతులును, విద్యార్థులును కలిసి దేశమునకు వాణి నిచ్చిన పేట యిది.

1897లో బిగ్ స్ట్రీటునందలి నూతన భవనము లేచెను. అప్పటినుండియే పాఠశాలకు హిందూ హైస్కూలను పేరు. భవనమునకు రూపకల్పన చేసినవారు హెన్రీ ఇర్విన్ దొరగారు. సిమ్లాలో 1888లో పూర్తియైన వైస్రాయి భవనమునకును ఈయనయే శిల్పి. వేసవిలో దస్త్రములతో సిమ్లా కొండ నెక్కిన కేంద్ర కార్యాలయోద్యోగులకు ఆ భవనము పరిచితమే. దాని శిల్పి చేతిపని తిరువల్లిక్కేణి బాలురకును దక్కినది.

పాఠశాలకు మహోన్నతి కలిగించిన మరియొక ప్రధానోపాధ్యాయుడు వి. యస్. శ్రీనివాస శాస్త్రిగారు. 1904లో ప్రారంభమైన తిరువల్లిక్కేణి సహకార సంఘమున కాయన మూలపురుషులలో ఒకరు. 1907లో గోఖలేగారి భారత సేవక సంఘమున చేరిరి. 1927లో భారత ప్రభుత్వ ప్రతినిధిగా దక్షిణాఫ్రికాకు వెళ్లినప్పుడును ఆయనలోని ఉపాధ్యాయుడు ఊరకుండలేదు. అచ్చటి భారతీయులను ప్రోత్సహించి వారి చందాలతో డర్బనులో ఉన్నత పాఠశాలను కట్టించిరి. అది శాస్త్రి కళాశాల యని ప్రసిద్ధి కెక్కెను. నేటాలులోని భారతీయులలో, చెరకుతోటలకు కూలికి పోయిన తెలుగువారి సంతతియు నున్నదని మనము జ్ఞాపక ముంచుకొనవలెను.

1922 నుండి 1925 వరకు ఇచ్చట చదివిన బాలుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. నక్షత్రముల నిర్మాణమును, పరిణామమును గూర్చిన పరిశోధనకు 1983లో నోబెలు బహుమానము పొందిన శాస్త్రజ్ఞు డాయనయే. ఆయన తండ్రి కేంద్ర ఆడిట్, అకౌంట్స్ శాఖలో ఉద్యోగి. కుమారుడు జన్మించినది 1910లో, లాహోరులో. బదిలీల కుటుంబములు ఎట్టివో మనకు వేరుగ చెప్పనేల? పండ్రెండేండ్లు వచ్చువరకు ఆ బాలునకు ఇల్లే బడి. తండ్రి గణితము చెప్పెను. తల్లి సీతాలక్ష్మిగారు తమిళము నేర్పిరి. ఇబ్సెన్ నాటకమును తమిళమున కనువదించిన విదుషీమణి యామె. హిందూ హైస్కూలులో అడుగిడునప్పటికే ఆ బాలుని మాతృభాష ఇంట స్థిరపడియున్నది.

మనకు కావలసిన పాఠ మిచ్చటనే యున్నది. 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు చెన్నపట్టణము మనది కాలేదు. కాని అచ్చటి తెలుగు కుటుంబములు అచ్చటనే నిలిచినవి. ఢిల్లీలో, కలకత్తాలో, బొంబాయిలో కొలువు చేయు మన సంగతియు నట్టిదే. మన బిడ్డలు ఇతర భాషలవారితో కూడి చదువవలసినదే. అట్లు చదువుటవలన వారికి కలుగు విశాలదృష్టిని ఏ ప్రత్యేక పాఠశాలయు నీయజాలదు. రెండు బడులు ఏకము చేసిన తిరువల్లిక్కేణి పెద్దలు పొరపడలేదు. కాని కలిసిన బడి పలకమీద మన భాష పేరు దానంతట అది నిలువదు. దానిని నిలుపుటకు ప్రయత్నము కావలెను.

ఆ ప్రయత్నమునకు దృష్టాంతము దూరమున వెదుకనక్కరలేదు. రాజధానీనగరమున తెలుగు బిడ్డల చదువునకై 1948లో ఆంధ్ర విద్యాసంఘమును స్థాపించినవారు దుర్గాబాయమ్మగారు. సంఘములు చేయదగినది సంఘములు చేయుచున్నవి. మిగిలిన సగము ఇంటిలో జరుగవలసినది. సాయంకాలము ఒక్క గడియ తల్లియో తండ్రియో పెద్దబాలశిక్ష ముందు పెట్టుకొని కూర్చుండినచో, బడి పలకమీద ఏ పేరున్నను, బిడ్డ పలకమీద తెలుగు నిలుచును.