ముఖకవచం చేసిన మేలు, కీడు: అమెరికన్ ఫుట్‌బాల్ శిరోఘాతాలపై ఒక పునఃపరిశీలన

అమెరికన్ ఫుట్‌బాల్‌లో తలకు తగిలే దెబ్బల మీద పదిహేనేళ్లుగా వస్తున్న పరిశోధనలో పెద్ద భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతోంది: ఏ హెల్మెట్ మేలైనది? అడగడానికి అమాయకమైన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న అడిగామంటే, దెబ్బ ఎలాగూ తగులుతుందని, దాని జోరు తగ్గించడమే మన పని అని ముందే ఒప్పేసుకున్నట్టు. దెబ్బలు ఎన్ని తగులుతున్నాయి, అవి తలకే ఎందుకు తగులుతున్నాయి అన్న విచారణ ప్రయోగశాల గుమ్మం బయటే నిలబడిపోయింది. హెల్మెట్ దెబ్బను కాచేదే కాదు, దెబ్బను పుట్టించేది కూడా అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. అందులోనూ అసలు దోషి నెత్తిమీది డిప్ప కాదు, మొహం ముందున్న కమ్మీల కవచం.

నక్షత్రాల లెక్క

పై ధోరణికి ప్రతినిధి వర్జీనియా టెక్ బృందం. అక్కడి స్టెఫాన్ డూమా, స్టీవెన్ రోసన్ 2011లో హెల్మెట్లకు నక్షత్రాలతో రేటింగు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ ఆలోచనకు శాస్త్రీయమైన దన్నుగా చూపేది 2014లో జర్నల్ ఆఫ్ న్యూరోసర్జరీలో వారు వెలువరించిన వ్యాసం. 2005 నుంచి 2010 దాకా ఎనిమిది కళాశాల జట్లలో 1,833 మంది ఆటగాళ్ల హెల్మెట్లలో సెన్సర్లు పెట్టి, 12 లక్షల 80 వేలకు పైగా దెబ్బలను నమోదు చేశారు. రిడెల్ కంపెనీ పాత నమూనా వీఎస్ఆర్-4తో పోలిస్తే, కొత్త రెవల్యూషన్ పెట్టుకున్నవారిలో కంకషన్ (దెబ్బకు తల అదిరి మెదడు పనితీరు దెబ్బతినడం) ముప్పు సుమారు 54 శాతం తక్కువని తేల్చారు.

శ్రమను తక్కువ చేయను. కానీ ఇంత పెద్ద సౌధం నిలబడింది 64 కంకషన్ల మీద. అంతకన్నా ముఖ్యమైన అభ్యంతరం మరొకటుంది. ఒక్కో ఆటగాడికి తగిలిన దెబ్బల సంఖ్యలో తేడాను గణాంకాల్లో సర్దుబాటు చేశామని, అదే తమ అధ్యయనం బలమని వారంటారు. నా దృష్టిలో దాని లోపం సరిగ్గా అదే. అన్నే దెబ్బలు తగిలితే ఏ హెల్మెట్‌లో కంకషన్లు తక్కువ అన్న ప్రశ్నకే వారి లెక్క జవాబు చెబుతుంది. హెల్మెట్ ఇచ్చిన ధైర్యంతో ఆటగాడు ఎన్నిసార్లు తల ముందుకు పెట్టాడన్నది ఆ సర్దుబాటులోనే కొట్టుకుపోతుంది. తేల్చవలసిన విషయాన్నే సమీకరణం నుంచి తీసేసి, తేలిపోయిందనడం న్యాయం కాదు.

అదే 2014లో విస్కాన్సిన్ ఉన్నత పాఠశాలల ఆటగాళ్లు రెండు వేల మందికి పైగా పాల్గొన్న మరో అధ్యయనం వెలువడింది. హెల్మెట్ ఏ కంపెనీదైనా, ఎంత పాతదైనా కంకషన్లలో చెప్పుకోదగ్గ తేడా పరిశోధకులకు కనిపించలేదు. ఈ ఫలితం నక్షత్రాల చర్చలో వినిపించవలసినంతగా వినిపించదు.

భౌతికశాస్త్రం కూడా ఆ నక్షత్రాలకు అంతగా కలిసిరాదు. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త హోల్బోర్న్ 1943లోనే జెలటిన్ నమూనాలతో మెదడు గాయాల గుట్టు విప్పాడు. తల గిర్రున తిరిగినప్పుడు పుర్రె లోపల మెదడు పొరలు ఒకదానిమీద ఒకటి జారడమే అసలు ప్రమాదమన్నాడు. అయినా క్రీడా పరికరాలకు ప్రమాణాలు నిర్ణయించే నాక్సీ సంస్థ 1973లో తెచ్చిన హెల్మెట్ ప్రమాణం కృత్రిమ తలను పైనుంచి దిమ్మ మీదికి జారవిడిచి, తీవ్రతా సూచిక 1500 దాటకుంటే చాలంది. దశాబ్దాల తరబడి పరీక్ష నిలువు దెబ్బకే పరిమితమైంది. తల మెలితిరగడాన్ని పరీక్షల్లో చేర్చింది ఆ తరవాతే. మెత్త ఎంత మందంగా కుట్టినా మెడ మీద తల తిరగడం ఆగదు.

1953 తరవాత

క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ క్వార్టర్‌బ్యాక్ ఆటో గ్రాహంకు 1953లో శాన్ ఫ్రాన్సిస్కోతో ఆడుతుండగా ప్రత్యర్థి మోచేయి తగిలి మొహం చీలింది. కుట్లు వేయించుకుని, హెల్మెట్‌కు పారదర్శకమైన ప్లాస్టిక్ అడ్డు బిగించుకుని అదే ఆటలో మళ్లీ దిగాడు. ఆ తరవాత కోచ్ పాల్ బ్రౌన్ రిడెల్ కంపెనీతో కలిసి ఒంటి కమ్మీ కవచాన్ని రూపొందించాడు. అనతికాలంలో ఒక కమ్మీ రెండైంది, ఆపైన పంజరమైంది.

ముక్కు, పళ్లు, దవడ అడ్డులేకుండా బయటికి ఉన్నంతకాలం మనిషికి తన మొహమే హద్దు. తోలు టోపీల రోజుల్లో తల వంచి దూకినవాడికి ముందు పగిలేది ముక్కు; ఆ భయమే వాడి చేత భుజం పెట్టించేది. కమ్మీలు వచ్చాక ఆ భయం పోయింది. ఎదుటివాడి జెర్సీ మీది అంకెలకు మొహం ఆనించి టాకిల్ చేయాలని (పట్టి పడగొట్టాలని) కోచ్‌లు నేర్పడం మొదలైంది. పొట్టేళ్ల పందెంలో కొమ్ములకున్న స్థానం ఇక్కడ హెల్మెట్‌కు దక్కింది.

దీనికి సాక్ష్యం వైద్యుడు జోసెఫ్ టోర్గ్ సేకరించిన లెక్కలు. 1959-63 మధ్య మిచిగన్ న్యూరోసర్జన్ రిచర్డ్ ష్నైడర్ నమోదు చేసిన గాయాలను, 1971-75 నాటి గాయాలతో టోర్గ్ పక్కపక్కన పెట్టాడు. పుర్రె లోపలి రక్తస్రావాలు లక్ష మంది ఆటగాళ్లకు 3.39 నుంచి 1.15కు పడిపోయాయి. అదే సమయంలో మెడ విరగడాలు, వెన్నుపూసలు తప్పిపోవడాలు 1.36 నుంచి 4.14కు పెరిగాయి. మెడ కింది భాగమంతా శాశ్వతంగా చచ్చుబడిపోయినవారు మొదటి అయిదేళ్లలో 30 మంది, రెండో అయిదేళ్లలో 99 మంది. డిప్ప తన పని చేసింది, పుర్రెను కాపాడింది. కానీ కాపాడిన పుర్రెను ఆయుధంగా వాడుకున్నారు, భారం మెడ మీద పడింది. మెడ వంచి నెత్తితో ఢీకొంటే వెన్నుపూసల వరస నిటారవుతుంది, దెబ్బ మొత్తం నిలువుగా దిగుతుంది. గాయాలకు ఈ నిలువు ఒత్తిడే మూలమని టోర్గ్ వాదించాడు.

నియమం చేసిన పని

1976లో కళాశాలల్లో, ఉన్నత పాఠశాలల్లో నెత్తితో ముందుగా ఢీకొనడాన్ని నిషేధించారు. ఆ ఏడాది శాశ్వతంగా కాళ్లూ చేతులూ పడిపోయినవారు 34 మంది. మరుసటి ఏడాది 18 మంది. 1984 నాటికి అయిదుగురు. ఈ తగ్గుదలకు కారణం తల మీది వస్తువు కాదు, తల వాడే తీరు మారడం. అయితే మెరుగైన హెల్మెట్లు పుర్రె గాయాలను, మరణాలను తగ్గించిన మాట కాదనలేం.

నియమం మార్చి ఫలితం సాధించిన మరో ఉదాహరణ ఐవీ లీగ్ కళాశాలల ఫుట్‌బాల్. 2015లో ఆ లీగ్ ఆటల్లో కిక్‌ఆఫ్‌లు 6 శాతమే, కంకషన్లలో వాటి వాటా మాత్రం 21 శాతం. 2016లో కిక్‌ఆఫ్ గీతను 35 నుంచి 40 గజాలకు జరిపారు, టచ్‌బ్యాక్‌ను (కిక్‌ఆఫ్ బంతితో పరిగెత్తకుండా వదిలేస్తే ఆట మొదలయ్యే చోటును) 25 నుంచి 20 గజాలకు తగ్గించారు. దాంతో బంతి పట్టి పరిగెత్తే సందర్భాలే తగ్గిపోయాయి. వెయ్యి కిక్‌ఆఫ్‌లకు 10.93గా ఉన్న కంకషన్లు 2.04కు దిగాయి. గీత అయిదు గజాలు జరపడానికి ఏ హెల్మెట్ కంపెనీకీ పేటెంటు లేదు, అందుకేనేమో దానికి అంత ప్రచారమూ లేదు.

న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ స్వార్ట్స్ చేసిన ప్రయోగం నా వాదానికి ఇంకా దగ్గరగా ఉంది. కొందరు ఆటగాళ్ల చేత అభ్యాసంలో కొంతసేపు హెల్మెట్ తీయించి టాకిల్ చేయించారు. సీజన్ ముగిసేసరికి వారి తలకు తగిలే దెబ్బలు 28 శాతం తగ్గాయని 2015లో ప్రకటించారు. హెల్మెట్ రక్షణ లేకుండా అభ్యసిస్తే తల పక్కకు తప్పుకోవడం నేర్చుకుంటుందని దీన్నిబట్టి అనుకోవచ్చు.

హెల్మెట్ లేని రగ్బీలోనూ కంకషన్లు ఉన్నాయి కదా అనవచ్చు. ఆ ఆట నియమాలు వేరు, ఒడుపు వేరు, కనుక ఆ పోలిక ఇక్కడ నిలవదు.

కంకషన్ దాటి

2005లో వైద్యుడు బెనెట్ ఒమాలు ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడు గురించి రాసిన వ్యాసంతో, తలకు పదేపదే తగిలే దెబ్బల వల్ల మెదడు శిథిలమయ్యే సీటీఈ వ్యాధి మీద చర్చ రచ్చకెక్కింది. విల్ స్మిత్ సినిమా పుణ్యమా అని తెలుగు పాఠకుల్లోనూ కొందరికి ఆ కథ తెలుసు. కానీ వైద్యుడికీ లీగ్‌కూ మధ్య పోరాటంగానే అది స్థిరపడిపోయింది. 2023లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన బోస్టన్ విశ్వవిద్యాలయ అధ్యయనం దాన్ని మరో దారికి మళ్లించాలి. 631 మంది ఆటగాళ్ల మెదళ్లను పరీక్షిస్తే, సీటీఈ ఉందో లేదో చెప్పగలిగింది నమోదైన కంకషన్ల సంఖ్య కాదు, జీవితకాలంలో తలకు తగిలిన దెబ్బల మొత్తం బలం. నక్షత్రాల లెక్కలో సర్దుబాటుకు బలైపోయిన ఆ దెబ్బలే ఇక్కడ ప్రధాన పాత్ర వహిస్తున్నాయి.

కాబట్టి 1953 నాటి ప్లాస్టిక్ అడ్డు నుంచి బోస్టన్ పరీక్షశాల దాకా ఒకే గీత గీయవచ్చని నా అభిప్రాయం. మొహానికి భయం తీర్చిన ఆటలో మెదడు ఇలా శిథిలమవుతోంది. నియమం తోడు లేకుండా ఇచ్చిన కవచం ఇతర ఆటల్లోనూ ప్రమాదాన్ని పెంచుతుందేమో ఆలోచించాలి.

ఈ మాట మనకు దూరపు మాటేమీ కాదు. డాలస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు చదివే బడుల్లో ఫుట్‌బాల్ జట్లున్నాయి. పిల్లవాణ్ణి జట్టులో చేర్చే తల్లిదండ్రులు హెల్మెట్‌కు ఎన్ని నక్షత్రాలని అడగడం మానేసి, వారానికి ఎన్ని రోజులు ఒకరినొకరు ఢీకొనే అభ్యాసం ఉంటుందో, టాకిల్ భుజంతో నేర్పుతారో తలతో నేర్పుతారో కోచ్‌ను అడగాలి. జవాబు తృప్తిగా లేకపోతే, అయిదు నక్షత్రాల హెల్మెట్ కొనిచ్చామన్న ధీమాతో పిల్లవాణ్ణి మైదానంలోకి పంపవద్దు.