పాత చింతకాయ పచ్చడి లాంటి ఆటబొమ్మ

ఎవరైనా అరిగిపోయిన మాటే మళ్ళీ చెప్తే "పాత చింతకాయ పచ్చడి" అని తీసిపారేస్తాం. కానీ జ్వరం పడి లేచినవాళ్ళకి నోరు బాగుపడాలంటే జాడీలోంచి తీసేది ఆ పాత పచ్చడినే. ముప్పై ఏళ్ళ కిందటి చేతి ఆటల యంత్రాల్ని, అంటే గేమ్‌బాయ్ లాంటివాటిని, ఇప్పుడు వెతికి మరీ కొనుక్కుంటున్నారని తెలిసినప్పుడు నాకు ఆ జాడీయే గుర్తొచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ యంత్రాన్ని తయారుచేసిన మనిషి సిద్ధాంతమూ ఇంచుమించు అదే.

ఆయన పేరు గుంపేయి యొకోయి. 1965లో జపాన్‌లోని క్యోటో నగరంలో నింటెండో కంపెనీలో చేరారు. 1889లో పువ్వుల బొమ్మలుండే హనాఫుదా పేకముక్కలతో మొదలైన కంపెనీ అది. ఆ ముక్కలు చేసే యంత్రాల బాగోగులు చూడడం యొకోయి పని. తీరిక వేళల్లో సరదాకి, సాగి దూరంగా ఉన్న వస్తువుని పట్టుకునే ఒక చెయ్యి బొమ్మ చేసుకున్నారు. అది కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమావుచి కంటపడింది. చీవాట్లు పడాల్సిన చోట, దాన్నే అమ్మకానికి తయారుచెయ్యమన్నారు. 1966లో 'అల్ట్రా హ్యాండ్' పేరుతో వచ్చిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. యంత్రాలకు నూనె వేసే మనిషి బొమ్మలు చేసే మనిషయ్యాడు.

తర్వాత ఒకసారి బుల్లెట్ రైల్లో, ఎవరో ఉద్యోగి ఏమీ తోచక కాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం చూశారాయన. అప్పటికి కాలిక్యులేటర్లు చవకబడ్డాయి, వాటి తెరలూ చవకబడ్డాయి. ఆ తెర మీదే చిన్న ఆట పెడితే? అలా 1980లో 'గేమ్ అండ్ వాచ్' పుట్టింది. ఒక యంత్రానికి ఒకటే ఆట, పక్కన గడియారం.

కొత్తగా వచ్చిన ఖరీదైన పరిజ్ఞానం వెంట పరిగెత్తొద్దు, బాగా వాడుకలో నలిగి, చవకబడి, లోటుపాట్లన్నీ తెలిసిపోయినదాన్ని తీసుకుని ఎవరూ అనుకోని పనికి వాడు: ఇదీ యొకోయి పద్ధతి. దానికి జపాన్ భాషలో పెద్ద పేరే ఉంది. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున్నే పులిహోర చేసే మనకి మాత్రం ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

1989 ఏప్రిల్‌లో ఆయన బృందం గేమ్‌బాయ్‌ని జపాన్‌లో విడుదల చేసింది. రంగుల్లేవు. ఆకుపచ్చ పలక మీద నాలుగు ఛాయలు, అంతే. తెర వెనక దీపం లేదు, కిటికీ దగ్గరో లైటు కిందో కూర్చోవాలి. అదే ఏడాది అటారీ లింక్స్, మరుసటి ఏడు సెగా గేమ్‌గేర్ రంగుల తెరలతో, వెలుగుతో వచ్చాయి. చూసినవాళ్ళు గేమ్‌బాయ్ పని అయిపోయిందనుకుని ఉంటారు. కానీ గేమ్‌గేర్ ఆరు పెన్సిల్ సెల్స్‌ని నాలుగైదు గంటల్లో తాగేసేది. గేమ్‌బాయ్ నాలుగు సెల్స్‌తో పది గంటలు దాటి నడిచేది. ధర తక్కువ, కింద పడినా ఓర్చుకునేది. ప్రతి నెలా ఇంటి ఖర్చు రాసుకునేవాళ్ళకి ఎవరు గెలుస్తారో ముందే తెలిసేది. గేమ్‌బాయ్, దాని తర్వాతి రంగుల గేమ్‌బాయ్ కలిపి పదకొండు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

పేరులో 'బాయ్' ఉన్నా అది మగపిల్లల దగ్గరే ఆగిపోలేదు. అందుకు పెద్ద కారణం టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన ఆట. పైనుంచి పడే ముక్కల్ని ఖాళీ లేకుండా సర్దడం, అంతే. మనం రోజూ ఫ్రిజ్‌లో గిన్నెలతో చేసే పనే. మగపిల్లలు చాలనుకుంటే మారియో ఆట ఇవ్వండి, అందరూ కొనాలంటే టెట్రిస్ ఇవ్వండి అని హెంక్ రోజర్స్ నింటెండో వాళ్ళని ఒప్పించారు. అమెరికాలో గేమ్‌బాయ్ పెట్టెలోనే టెట్రిస్ పెట్టి అమ్మారు. 1993లో విమానంలో గేమ్‌బాయ్ పట్టుకుని కూర్చున్న హిల్లరీ క్లింటన్ ఫొటో ప్రసిద్ధమే.

ఇంకో కారణం కూడా ఉందని నాకనిపిస్తుంది. టీవీకి తగిలించే ఆట ఆడాలంటే టీవీ ఖాళీగా ఉండాలి. రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో మనకి తెలియనిదా! చేతిలో ఇమిడే ఆటకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన ఊళ్ళకి గేమ్‌బాయ్ ఎక్కువగా రాలేదు గానీ, ఫ్యాన్సీ షాపుల్లో, ఎగ్జిబిషన్లలో 'బ్రిక్ గేమ్' దొరికేది. 'ఇందులో 9999 ఆటలు' అని పైన రాసి ఉండేది, లోపల ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. అది ఈ టెట్రిస్‌కి చవక చుట్టమే.

ఇప్పుడు కొనాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. ముందు సెల్స్ పెట్టే మూత తీసి చూడండి. పాత సెల్స్ కారి రేకులకి తెల్లటి పొడి పట్టి ఉంటే, దూదిపుల్లకి కాస్త వెనిగర్ అద్ది తుడిచి బాగా ఆరబెట్టాలి. రేకు తినేసి ఉంటే వదిలెయ్యండి. తెర మీద నిలువు గీతలున్నాయేమో వెలిగించి చూపించమనండి. ఆట పనిచెయ్యకపోతే నోటితో ఊదకండి, తేమకి తుప్పు పడుతుంది. కళ్ళకి శ్రమ వద్దనుకుంటే 2003లో వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ మేలు. మడిచి పెట్టుకోవచ్చు, తెరకి వెలుగుంది, ఛార్జింగ్ పెట్టుకోవచ్చు, గేమ్‌బాయ్ పాత ఆటలూ ఆడుతుంది. మరీ చవకగా వస్తున్న పోకేమాన్ ఆటలు చాలావరకు నకిలీలు.

అసలైన పాత పోకేమాన్ దొరికితే మాత్రం తొందరపడి కొత్త ఆట మొదలుపెట్టకండి. ఆడింది గుర్తుంచుకోవడానికి దాని లోపల చిన్న బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. అది ఇంకా బతికుంటే, ఎక్కడో ఎవరో చిన్నపిల్ల పెట్టుకున్న పేరు, పట్టుకున్న జంతువులు, ఆపిన చోటు అలాగే ఉంటాయి. బ్యాటరీ మారిస్తే అవన్నీ పోతాయి. ఒకసారి చూసి, ఆ తర్వాతే మార్చండి.

యొకోయి 1996లో నింటెండో వదిలేశారు. 1997లో రోడ్డు ప్రమాదంలో పోయారు, 56 ఏళ్ళకే. ఆయన యంత్రాలు ఇంకా నడుస్తున్నాయి. ఫోన్లో ఆటలు మనల్ని రమ్మని పిలుస్తాయి, మధ్యలో ప్రకటనలు వేస్తాయి, డబ్బడుగుతాయి. ఈ పాత యంత్రం మీట నొక్కితే వెలుగుతుంది, నొక్కితే ఆరిపోతుంది. ఇంట్లో ఉండే ఆడవాళ్ళకి తీరిక గంటల లెక్కన రాదు, ముక్కలుగా వస్తుంది: కుక్కర్ మూడో విజిల్ వచ్చేదాకా, పిల్లల బడి బస్సు మలుపు తిరిగేదాకా. ఆనాడు రైల్లో యొకోయి కంటపడిందీ అలాంటి చిన్న ముక్కే. దాన్ని ఆయన చిన్నచూపు చూడలేదు. మనమూ చూడక్కర్లేదు.