జ్ఞానదంతం తీయించుకున్నాక... నాలుగో రోజు జాగ్రత్త!

అమెరికాకి ఎమ్మెస్ కోసం వచ్చే వయసూ, జ్ఞానదంతాలు ఇబ్బంది పెట్టే వయసూ దాదాపు ఒకటే. పక్కన అమ్మానాన్నలు ఉండరు కనుక ఏది మామూలు నొప్పో, ఏది కాదో మనమే తెలుసుకోవాలి. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. నా పన్ను తీసినప్పుడు అడిగి తెలుసుకున్నవి, చదివినవి ఇక్కడ రాస్తున్నాను.

మామూలుగా అయితే వాపు రెండు మూడు రోజులు పెరిగి, తర్వాత తగ్గుతుంది. నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గిన నొప్పి మూడు నాలుగు రోజులకి మళ్ళీ పెరిగి చెవి దాకా లాగితే అది "డ్రై సాకెట్" కావచ్చు. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి, ఎముక బయటపడటమే దీనికి కారణం. నాకు సరిగ్గా నాలుగో రోజు ఇదే జరిగింది. ఫోన్ చేస్తే రమ్మని, గుంట కడిగి, లవంగం వాసన వచ్చే మందు పెట్టారు. గంటలో హాయిగా అనిపించింది. అందులో ఉండేది లవంగనూనెలోని యూజినాలే. అలాగని ఇంట్లో నూనె పుండులో పోసుకోకండి.

ఇది రాకుండా ఉండాలంటే కొన్ని రోజులు సిగరెట్, స్ట్రా మానాలి. గట్టిగా ఉమ్మకూడదు. పెరుగన్నం మంచిదే కానీ తాలింపు వద్దు, ఆవాలు గుంటలో ఇరుక్కుంటాయి.

రక్తం ఆగకపోతే తడి గాజుగుడ్డ పెట్టి, అరగంట కదపకుండా కొరికి పట్టుకోండి. అప్పటికీ ఆగకపోతే సర్జన్‌కి ఫోన్ చేయండి. మర్నాటికి కూడా పెదవి, నాలుక మొద్దుబారి ఉంటే నరం నలిగి ఉండవచ్చు. చాలామందికి మెల్లగా తగ్గుతుంది కానీ వెంటనే చెప్పాలి. జ్వరం, చీము ఉంటే ఇన్ఫెక్షన్ అని అనుమానించి అదే రోజు చూపించుకోండి. మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా ఆలోచించకుండా 911కి ఫోన్ చేయండి.

మందుల విషయం మరీ ముఖ్యం. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఆమోదించిన 2024 నాటి మార్గదర్శకాల ప్రకారం మొదట వాడవలసింది ఐబుప్రొఫెన్ వంటివి, అవసరమైతే వాటితో ఎసిటమినోఫెన్. ఓపియాయిడ్లు కావు. అల్సర్, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఐబుప్రొఫెన్ వేసుకునే ముందు డాక్టర్ని అడగాలి. ఇంకో మాట: టైలెనాల్‌లోని ఎసిటమినోఫెన్, మనం ఇండియా నుంచి తెచ్చుకునే డోలో, క్రోసిన్‌లలోని పారాసిటమాల్ ఒకటే మందు! రెండూ కలిపి వేసుకుంటే లివర్‌కి ప్రమాదం. పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 4000 మిల్లీగ్రాములు దాటకూడదు.

క్లినిక్ నుంచి వచ్చేముందే రాత్రిపూట ఫోన్ చేయవలసిన నంబరు అడిగి తీసుకోండి. "చిన్న పంటినొప్పికి ఫోన్ ఏమిటి" అని మొహమాటపడకండి.