నీలం మధ్య తెల్లగుత్తి

ఐడహో రాష్ట్రం, వీఐప్ మైదానం. జూన్ మొదట్లో ఓ పొద్దున. పైన్ చెట్ల నీడ దాటి నాలుగడుగులు వేస్తే ఎదురుగా నీళ్లు నిండిన చెరువు. దగ్గరికెళ్తే గానీ తెలియదు, అవి పూలని! నీలి కామస్ పూలు. 1806 జూన్‌లో అమెరికా అన్వేషకుడు మెరివెదర్ లూయిస్‌కీ దూరం నుంచి అవి నీళ్లలాగే కనిపించాయి. అంతకుముందు సెప్టెంబరులో, ఆకలితో కొండలు దిగివచ్చిన అతని బృందానికి అక్కడి ఆదివాసులైన నెజ్ పెర్స్ జనం పెట్టింది ఈ మొక్క గడ్డలే. ఆబగా తిని కడుపులు పాడుచేసుకున్నారు, అది వేరే సంగతి.

తడినేల వదిలి మెట్ట వైపు నడవండి. కాళ్ల కింద మట్టి గట్టిపడుతుంది, నీలం పలచబడుతుంది. మోకాలి కిందుగా మీగడ రంగు పూలగుత్తి ఒకటి. వంగి చూడండి. ఆరేసి చిన్న రేకులు, ఒక్కో రేకు మొదట్లో పసరు రంగు మచ్చ. ఇదే డెత్ కామస్. పక్కనే ఏ ఎలుకో తవ్విపోసిన మట్టిలో దాని గడ్డ బయటపడి ఉంది. ముదురు పొర కప్పుకుని, అచ్చం చిన్న ఉల్లిపాయ. వాసన చూడండి, ఉల్లి ఘాటు లేదు. నోటి దాకా మాత్రం వద్దు.

గడ్డ నుంచి పువ్వు దాకా ఇందులో జైగసిన్ అనే విషం ఉంది. ముందు నోట్లో చొంగ, వాంతులు. ఆపైన గుండె నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది. ఎక్కువగా బలయ్యేది గొర్రెలు. చలి తగ్గీ తగ్గగానే, గడ్డి ఎదగకముందే, ఇది ఆకు వేస్తుంది. పచ్చగా కనబడితే ఆకలి మీదున్న మంద ఆగుతుందా?

మనుషులకు చిక్కు పూలు రాలాక. మట్టిలో మంచి గడ్డ ఏదో, చెడ్డది ఏదో పోల్చుకోవడం కష్టం. అందుకే నెజ్ పెర్స్ ఆడవాళ్లు పూత మీద ఉండగానే తెల్లవాటిని పీకి పారేసేవారు. ప్రయోగశాలల్లేని రోజుల్లో అంతకంటే పక్కా పరీక్ష ఏముంటుంది? ఏరిన మంచి గడ్డలను వేడిరాళ్ల గుంతలో రోజుకు పైగా మగ్గబెడితే నల్లబడి తియ్యగా మారతాయి.

ఇంతలో తెల్లగుత్తి మీద ఓ తేనెటీగ వాలింది. మనం పెంచే రకానికి ఈ పుప్పొడి ప్రాణాంతకం. ఇప్పుడు వాలింది మాత్రం ఆండ్రీనా ఆస్ట్రగాలి, నేలలో బొరియ చేసుకుని ఒంటరిగా బతికే జాతి. పిల్లలకు మేతగా ఈ పుప్పొడినే మోసుకుపోతుంది. పక్కనే అన్ని నీలిపూలున్నా వాటి జోలికి పోదు.