మొంబాసా బీచ్ నుంచి సఫారీకి వెళ్లే రైలు దారి ఎవరు వేశారు?

కెన్యా ట్రిప్ రీల్స్ మీ ఫీడ్‌లో కూడా వచ్చే ఉంటాయి. ఒకరోజు మొంబాసా పక్కన డయానీ బీచ్‌లో తెల్లటి ఇసుక, మర్నాడు సావో నేషనల్ పార్క్‌లో ఎర్రమట్టి పూసుకున్న ఏనుగులు. మొంబాసా నుంచి నైరోబీ వెళ్లే కొత్త రైలు కూడా సావో మీదుగానే వెళ్తుంది. అది 2017లో వచ్చింది. ఈరోజు నేను చెప్పేది అంతకుముందున్న పాత లైన్ గురించి.

1896లో బ్రిటిష్ వాళ్లు మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా పట్టాలు వేయడం మొదలుపెట్టారు. 1901లో సరస్సు దాకా వచ్చేశారు. మరి పని చేసిందెవరు? మన దేశం నుంచి, ఎక్కువగా పంజాబ్ నుంచి, ఒప్పందం మీద ఓడల్లో తెచ్చిన సుమారు 32 వేల మంది. (మన తెలుగువాళ్లని అప్పట్లో మారిషస్, నాటాల్ చెరకు తోటలకి పంపారు. అది ఇంకో ఎపిసోడ్.)

1898లో సావో నది మీద వంతెన కడుతుంటే, జూలు లేని రెండు మగ సింహాలు రాత్రిళ్లు గుడారాల్లోంచి మనుషుల్ని ఈడ్చుకెళ్లడం మొదలుపెట్టాయి. ముళ్లకంపలు కట్టారు, మంటలు వేశారు, అయినా ఆగలేదు. చివరికి డిసెంబర్‌లో ఇంజినీర్ ప్యాటర్సన్ రెండింటినీ కాల్చాడు. ఆయన పుస్తకం రాశాడు, 1996లో హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. అందులో సింహాలకి జూలు పెట్టారు, సర్లే, సినిమా కదా!

నన్ను ఆపేసిన సీన్ వేరే ఉంది. డిసెంబర్ 1న కూలీలు వచ్చి, సర్కారు పనికని ఒప్పుకున్నాం గానీ ఇలా చావడానికి కాదని ప్యాటర్సన్‌కి చెప్పేశారు. వందలమంది పట్టాలకి అడ్డంగా పడుకుని రైలు ఆపి, ఎక్కి మొంబాసా వెళ్లిపోయారు. మూడు వారాలు పని బంద్. ఈ కథ చెప్పేవాళ్లు దీన్ని 'భయపడి పారిపోయారు' అంటారు. నేనైతే స్ట్రైక్ అంటాను.

ఇంకో లెక్క చూడండి. సింహాలు తిన్నది 135 మందిని అని ప్యాటర్సన్ తర్వాత చెప్పుకున్నాడు. 2009లో ఆ సింహాల ఎముకలు, వెంట్రుకలు పరీక్షించిన సైంటిస్టులు దాదాపు 35 అన్నారు. కానీ మొత్తం లైన్ మీద పోయిన మన కూలీలు దాదాపు 2,500 మంది! ఎక్కువమందిని తీసుకెళ్లింది రోగాలే. వాళ్ల మీద ఎవరూ సినిమా తీయలేదు.

ఆ సింహాలు మాత్రం చికాగో ఫీల్డ్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. అక్కడున్న మనవాళ్లు వెళ్లి చూడొచ్చు. ఒప్పందం అయిపోయాక 6 వేలమందికి పైగా కెన్యా వైపే ఉండిపోయారు. చపాతీ ఇప్పుడు అక్కడ ఇంటింటి వంట. కొత్త రైలు వచ్చిన 2017లోనే, అక్కడి ఆసియా సంతతి వాళ్లని కెన్యా ప్రభుత్వం తమ దేశపు 44వ తెగగా గుర్తించింది.